వెనక బెంచీదాకా చేరని ‘వద్దు’

పోయిన ఏడాది ఆగస్టు మొదటి వారంలో ఒక ఏఈవో నా క్లినిక్‌కి వచ్చింది. ఏఈవో అంటే వ్యవసాయ విస్తరణ అధికారి. తెలంగాణలో సుమారు ఐదు వేల ఎకరాలకు ఒకరు చొప్పున ఉంటారు. ఏ పంటకు ఏ మందు, ఎప్పుడు కొట్టాలి, ఎప్పుడు ఆగాలి అని రైతులకు చెప్పడం వాళ్ళ రోజువారీ పని. నేను హనుమకొండలో స్పీచ్ థెరపిస్టుని. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది మాటలు రాని పిల్లలు, పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళు, గొంతు పాడుచేసుకున్న టీచర్లు. మైకు ముందు మాట్లాడటం నేర్పమని వచ్చేవాళ్ళు తక్కువ. ఈ అమ్మాయి రెండూ కలిపి తెచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది, దానికి తోడు ఊళ్ళో ఒక గొడవ.

గొడవ ఇది. జూలైలో ఊరి రైతు వేదికలో, అంటే రైతుల మీటింగు హాల్లో, పత్తి రైతులకు మీటింగు పెట్టింది. విత్తిన తొలి అరవై రోజుల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టకూడదని చెప్పింది. అవి చేనులోని మిత్రపురుగులను కూడా చంపేస్తాయి, ఆ తర్వాత తెల్లదోమ లాంటి రసం పీల్చే పురుగులకు అడ్డూ అదుపూ ఉండదు. మీటింగు అయిన పది రోజులకు ముగ్గురు రైతులు సరిగ్గా ఆ మందే కొట్టారు. అదేమిటని అడిగితే, “మీరే గద మేడం, కొట్టాలె అంటిరి” అన్నారు.

ఆమెకు ఒళ్ళు మండింది. మీటింగులో తోటి ఉద్యోగి ఫోన్లో తీసిన వీడియో ఉంటే తీసి చూపించింది. అందులో ‘చేయకూడదు’ అని స్పష్టంగానే ఉంది. రైతులు చూశారు. వాళ్ళలో పెద్దాయన, “ఇండ్ల ఉన్నది బిడ్డా, మాకైతే ఇనవడలే” అన్నాడట.

కేసంతా ఆ ముక్కలోనే ఉంది. నాకు అది తలకెక్కడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు ఎలా పోయాయో కూడా రాస్తాను, ఎందుకంటే ఈ పని చేసేవాళ్ళు చాలామంది అక్కడే పప్పులో కాలేస్తారు. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు తీసేశాను. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది, నన్ను సార్ అంటుంది, నేను అమ్మా అంటాను, కాబట్టి రాతలో కూడా ‘వచ్చింది, చెప్పింది’ అనే రాస్తున్నాను.

మొదటి రోజు

గొంతు బొంగురు మొదలై ఆరు వారాలైంది. నాలుగు వారాలు దాటిన బొంగురు ఏదైనా సరే, ముందు ఈఎన్‌టీ డాక్టరు కెమెరా పెట్టి స్వరతంత్రులు, అంటే గొంతులో కంపించి ధ్వని పుట్టించే మడతలు, చూడాలి. అప్పటిదాకా నేను ఏ ఎక్సర్‌సైజూ మొదలుపెట్టను. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని నాలుగు నెలలు గడిపాక వచ్చినవాళ్ళను చూశాను. కరక్కాయ చేసిన తప్పేమీ లేదు, ఆలస్యమే తప్పు. ఈమె రిపోర్టులో భయపడేది ఏమీ లేదు. తంత్రులు కొంచెం వాచాయి, అంచులు ఎర్రగా ఉన్నాయి, గడ్డలు లేవు. వాడకం తేడా వల్ల వచ్చిందే.

వాడకం గురించి అడుగుతూ పోతే రెండు సంగతులు బయటపడ్డాయి.

మొదటిది అందరికీ ఉన్నదే. వారానికి మూడు నాలుగు మీటింగులు. పైన ఫ్యాన్లు, పక్కన బడి పిల్లలు, వెనక వరసలో పంట ధర మీద ముచ్చట్లు. చుట్టూ చప్పుడు పెరిగితే మన గొంతు మనకు తెలియకుండానే పెరుగుతుంది. పెళ్ళిలో బ్యాండు మేళం పక్కన నిలబడి పలకరించుకునేవాళ్ళను చూస్తే చాలు. ఫ్రాన్స్‌లో ఎటియెన్ లోంబార్డ్ అనే ఈఎన్‌టీ డాక్టరు 1911లోనే దీన్ని రాసిపెట్టాడు, అందుకే దీన్ని లోంబార్డ్ ఎఫెక్ట్ అంటాం. వద్దనుకున్నా ఆగని అలవాటిది.

రెండోది వింతగా ఉంది. రెండేళ్ళ కిందట ఎక్కడో ఒక వ్యక్తిత్వ వికాస శిక్షణకు వెళ్తే, అక్కడి ట్రైనరు “మీ గొంతు చిన్నపిల్ల గొంతులా పీలగా ఉంది, అథారిటీ రావాలంటే లావుగా మాట్లాడాలి” అన్నాడట. అప్పటినుంచి మైకు పట్టుకోగానే గొంతు కిందికి దించి మాట్లాడుతోంది. నాతో మామూలుగా మాట్లాడేటప్పుడు ఒక గొంతు, “సరే, మీటింగు అనుకుని రెండు మాటలు చెప్పమ్మా” అంటే ఇంకో గొంతు. రెండో గొంతు వింటే నాకు ఊళ్ళో నాటకాల్లో ముసలి వేషం కట్టిన కుర్రాడు గుర్తొచ్చాడు.

ఆ ట్రైనరు సలహాకి ఆధారమే లేదనను. మార్గరెట్ థాచర్ శిక్షణ తీసుకుని మరీ గొంతు దించుకుందన్నది ప్రసిద్ధమే. అమెరికాలో కేసీ క్లోఫ్‌స్టాడ్ బృందం 2012లో అచ్చయిన అధ్యయనంలో, ఓటు అడిగే ఒకే వాక్యాన్ని చాలామందితో చెప్పించి, కంప్యూటర్‌లో శ్రుతి పెంచి ఒకటి, తగ్గించి ఒకటి వినిపించి, వీళ్ళలో ఎవరికి ఓటేస్తారని అడిగింది. ఆడగొంతైనా మగగొంతైనా దించిన గొంతుకే ఎక్కువ ఓట్లు పడ్డాయి. కాకపోతే ఆ ప్రయోగంలో గొంతు దించింది కంప్యూటరు, మనిషి గొంతు కండరాలు కాదు. పైగా అక్కడ అడిగింది ఎవరు నచ్చారని. ఏం అర్థమైందని ఎవరూ అడగలేదు. నాయకుడిని ఎంచుకోవడం వేరు, పురుగుమందు డోసు గుర్తుపెట్టుకోవడం వేరు.

ఆడవాళ్ళు మామూలుగా మాట్లాడే శ్రుతి ఇంచుమించు 200 హెర్ట్‌జ్ దగ్గర ఉంటుంది, మగవాళ్ళది 120 దగ్గర. ఎవరి తంత్రుల పొడవు, బరువును బట్టి వాళ్ళకు ఒక సుఖమైన చోటు ఉంటుంది. దానికంటే కిందికి బలవంతాన తోస్తే తంత్రులు వదులవుతాయి. ఊపిరి నిండుగా ఉన్నంతసేపు నెట్టుకొస్తాయి. వాక్యం చివరికి వచ్చి ఊపిరి తగ్గిందా, నూనె వేయని తలుపులా కిర్రుమంటాయి. ఈ కిర్రు చెవి పక్కన వింటే గంభీరంగానే ఉంటుంది, పది అడుగుల అవతల మాత్రం ఏమీ మిగలదు. ఈ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసీ దాన్ని ఆమె గొడవతో ముడిపెట్టుకోలేకపోయాను.

నేను నడిచిన తప్పు దారి

మూడు వారాలు గొంతు మీద పని చేశాం. స్ట్రా ఒక కొస నీళ్ళలో ముంచి బుడగలు వచ్చేలా ‘ఊ’ అనడం, పెదాలు మూసి సన్నగా కూనిరాగం తీయడం, సొంత శ్రుతిలో వార్తాపత్రిక చదవడం. స్ట్రా ఎక్సర్‌సైజు చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ నా పెట్టెలో అంతకంటే మంచి పనిముట్టు లేదు. నోటి దగ్గర దారి సన్నమైతే లోపల వెనక్కి ఒత్తిడి ఏర్పడి, తంత్రులు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండా కంపిస్తాయి. బొంగురు తగ్గింది. లావు గొంతు వేషం కూడా చాలావరకు వదిలింది.

మూడో వారం మీటింగు వీడియో పంపింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. హాయిగా ఉంది. నాకు నేను భుజం తట్టుకున్నాను. సాయంత్రం ఫోన్ చేసింది.

“ఎట్లుందమ్మా?”

“గొంతు బాగైంది సార్. మాట బాగవలే.”

మీటింగు అయ్యాక వెనక కూర్చున్న నలుగురిని పక్కకు పిలిచి ఏం చెప్పానో చెప్పమని అడిగిందట. ఇద్దరు సరిగ్గా చెప్పారు. ఒకాయన తలకిందులు చెప్పాడు. నాలుగో ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఆ రాత్రి పెద్దాయన మాట మళ్ళీ గుర్తొచ్చింది. ఇండ్ల ఉన్నది, మాకైతే ఇనవడలే. నేను ఇన్నాళ్ళూ విన్నవన్నీ ఆమె ముందు బల్ల మీద పెట్టిన ఫోన్లో రికార్డయినవి. అంటే ఆమె ఒళ్ళో కూర్చుని విన్నట్టు. రైతులు కూర్చున్న చోట నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు. మర్నాడు ఒకటే చెప్పాను. ఈసారి ఫోన్ బల్ల మీద వద్దు, ఆఖరి వరస పక్కన కిటికీలో పెట్టమ్మా.

కిటికీలో పెట్టిన ఫోన్

ఆ రికార్డింగు వినడం మొదలుపెట్టిన రెండు నిమిషాలకే పెన్ను తీశాను. ఒక్క వాక్యం విడగొట్టి చూపిస్తాను.

“అరవై రోజుల లోపు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు, అంటే సైపర్‌మెత్రిన్ లాంటివి, ఎట్టి పరిస్థితుల్లోనూ పిచికారీ చేయకూడదు.”

‘అరవై’లో ‘అ’ వినిపించలేదు, మైకు ఇంకా నోటి దగ్గరికి రాలేదు. ‘సింథటిక్ పైరిత్రాయిడ్’ హాలంతా మోగింది, కష్టమైన మాట కదా, ఒత్తి ఒత్తి పలికింది. ‘సైపర్‌మెత్రిన్’ ఇంకా గట్టిగా. ‘ఎట్టి పరిస్థితుల్లోనూ’ పరవాలేదు. ‘పిచికారీ చేయ’ దాకా లీలగా వచ్చింది. ఆ తర్వాత ఫ్యాను చప్పుడు.

‘కూడదు’ లేదు.

నేను సంగతి తెలిసి వింటున్నాను కాబట్టి నా చెవిని నమ్మలేదు. మా క్లినిక్‌లో ఆయా ఉంది, వాళ్ళదీ పత్తి చేనే. ఏమీ చెప్పకుండా ఇరవై వాక్యాలు వినిపించి, విన్నది విన్నట్టు చెప్పమన్నాను, నేను రాసుకున్నాను. ఇరవైలో తొమ్మిదింటికి చివరి క్రియ తప్పు చెప్పింది, లేదా చెప్పలేకపోయింది. పై వాక్యం దగ్గర అసలు తడుముకోలేదు. “పిచికారీ చెయ్యాలె అంటున్నది సార్” అంది ధీమాగా. మందు పేరు చెప్పారు, రోజుల లెక్క చెప్పారు, చెప్తున్నది వ్యవసాయ ఆఫీసరు. ఆఫీసరు మందు పేరు చెప్పేది కొట్టమనడానికే. వినపడని ముక్కను మనసు అలవాటైన దాంతో నింపేస్తుంది, అలా నింపానని కూడా మనకు తెలియనివ్వదు. ఆ ముగ్గురు రైతులూ అబద్ధం చెప్పలేదు.

ఇది ఈ ఒక్కమ్మాయి లోపం కాదు, తెలుగులో మాట్లాడే ఎవరికైనా పొంచి ఉన్న గుంట. చాలా భాషల్లో మామూలు వాక్యం నడిచేకొద్దీ శ్రుతి దిగుతుంది, గట్టితనం తగ్గుతుంది, ఊపిరి అయిపోతూ ఉంటుంది కాబట్టి. కానీ ఇంగ్లీషులో ‘డోంట్’ ముందే వచ్చేస్తుంది, ఊపిరితిత్తులు నిండుగా ఉన్నప్పుడు. మన ‘వద్దు’, ‘కాదు’, ‘లేదు’, ‘కూడదు’ అన్నీ తోకలోనే ఉంటాయి. ఒక్కోసారి తోకలో కూడా ఒక్క అక్షరమే. కొట్టండి, కొట్టకండి. తెలంగాణ పల్లెలో కొట్టుండ్రి, కొట్టకుండ్రి. మధ్యలో ఆ ‘క’ ఒక్కటి జారితే చేను తలరాత మారిపోతుంది. ఇంగ్లీషు పుస్తకాలు చూసి తయారుచేసిన ఉపన్యాస శిక్షణల్లో, మొదటి ముప్పై సెకన్లలో సభను పట్టేయండి అని ఊదరగొడతారు. వాక్యం ఆఖరి అర సెకను గురించి ఎవరూ మాట్లాడరు. వాళ్ళ భాషకు ఆ అవసరం అంతగా లేదు మరి.

దీనికి హాలు తోడైంది. నాలుగు సిమెంటు గోడలు, కింద టైల్స్, పరదాలు లేవు. అలాంటి గదిలో గట్టిగా అన్న మాట వెంటనే ఆగదు, గోడలకు తగిలి ఒకటి రెండు సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. ‘పైరిత్రాయిడ్’, ‘సైపర్‌మెత్రిన్’ అని గట్టిగా అన్న మోత ఇంకా హాల్లో ఉండగానే బలహీనమైన ‘కూడదు’ వచ్చి దాని కింద పడి నలిగిపోతుంది. అంటే ఆమె ‘వద్దు’ని ముంచింది ఆమె గొంతే. ఇలాంటి చోట ఇంకా గట్టిగా అరవడం వల్ల లాభం లేదు, మోత కూడా అంతే పెరుగుతుంది.

పెద్దవయసు చెవులది ఇంకో లెక్క. వయసుతో వచ్చే చెవుడు ముందు పై స్థాయి ధ్వనులను తినేస్తుంది, అంటే ‘స’, ‘త’, ‘క’ లాంటి హల్లుల స్పష్టతను. అచ్చులు వినిపిస్తూనే ఉంటాయి. అందుకే మన ఇళ్ళల్లో తాతలు “మాట ఇనవడ్తది గానీ సమజ్ గాదు” అంటారు. అరిస్తే అచ్చులు లావవుతాయే తప్ప ‘క’ పదునెక్కదు.

వీడియోలో ఇంకో చిన్న విషయం కనిపించింది, అంతకుముందు పదిసార్లు చూసీ గమనించనిది. ఆమె కాగితం చూసి మాట్లాడుతుంది. వాక్యం సగంలో తలెత్తి జనాన్ని చూస్తుంది. సరిగ్గా క్రియ దగ్గరికి వచ్చేసరికి తర్వాతి వాక్యం ఏమిటా అని కళ్ళు కాగితం మీదికి దిగుతాయి. కళ్ళతో పాటు గడ్డం దిగుతుంది, మైకు పట్టుకున్న చెయ్యి కూడా ఒక జానెడు కిందికి జారుతుంది. నోటికీ మైకుకీ దూరం రెట్టింపైతే మైకుకి చేరే ధ్వని దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఊపిరి అయిపోతున్న చోట, గొంతు కిర్రుమనే చోట, మైకు కూడా వెళ్ళిపోతోంది. ఆ తర్వాత నేను చూసిన ప్రతి సభలో ఇదే గమనిస్తున్నాను. మంత్రుల దగ్గర్నుంచి పెళ్ళిలో ఆశీర్వచనం చదివేవాళ్ళ దాకా అందరం క్రియ దగ్గరే కాగితంలోకి దిగుతాం. ఇప్పుడు ఏ ఉపన్యాసం ప్రశాంతంగా వినలేకపోతున్నాను, అది వేరే బాధ.

ఇక్కడొక మాట. శ్రోతల మీద మాటల ప్రభావం ఏడు శాతమే, గొంతుది ముప్ఫై ఎనిమిది, హావభావాలది యాభై అయిదు అని మన దగ్గర ప్రతి శిక్షణ తరగతిలో ఒక స్లైడు వేస్తారు. ఈమెకు కూడా వేశారట. ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రేబియన్ 1967లో చేసిన ప్రయోగాలవి. అక్కడ వినిపించినవి విడి విడి మాటలు. మాట ఒకటి చెప్తుంటే గొంతు ఇంకొకటి చెప్తున్నప్పుడు, ఎదుటివాడికి మన మీద ఇష్టం ఉందా లేదా అన్నది దేన్ని చూసి పోల్చుకుంటామన్నదే ప్రశ్న. ఉపన్యాసాలకు దాన్ని అంటగట్టొద్దని ఆయనే చెప్పాడు. ‘కూడదు’ అన్న మాటకు ఏడు శాతమే విలువైతే ఆ ముగ్గురికీ మందు డబ్బాల ఖర్చు మిగిలేది. గొంతు ముఖ్యమే, కాదనే వృత్తిలో నేను లేను. మాటను మోసుకెళ్ళి దింపాల్సింది గొంతే, అంతవరకే దాని గొప్ప.

తోక పట్టుకుని

మొదట చేసింది వాక్యాన్ని వెనక నుంచి కట్టడం. పిల్లలకు పెద్ద మాటలు నేర్పేటప్పుడు వాడే పద్ధతే.

“కొట్టకూడదు.”

“ఇప్పుడు కొట్టకూడదు.”

“ఈ మందు ఇప్పుడు కొట్టకూడదు.”

“అరవై రోజుల లోపు ఈ మందు ఇప్పుడు కొట్టకూడదు.”

ప్రతిసారీ ‘కొట్టకూడదు’ మొదటిసారి అన్నంత నిండుగా రావాలి. ముందు మూడింటికి ఇబ్బంది లేదు. నాలుగోదానికి ఊపిరి చాలలేదు. ఎక్కువ గాలి పీల్చమని నేను చెప్పలేదు. మధ్యలో ఆగమన్నాను. ‘అరవై రోజుల లోపు’ దగ్గర ఒక చిన్న ఊపిరి. అన్నట్టు ‘ఇప్పుడు’ అనవసరం, తీసేశాం. వాక్యం పొట్టిదైతే తోక దగ్గరవుతుంది.

రెండోది ఆమె నోట్లోనే దొరికింది. వాళ్ళ నాన్నతో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. “తీస్కపోకు నాయినా ఆ బండి, బ్రేకులు పడ్తలేవు.” క్రియ ముందు, మిగతాది వెనక. ఫోన్ పెట్టేశాక, “మరి మీటింగులో ఇట్ల ఎందుకు మాట్లాడవమ్మా?” అన్నాను. కాసేపు చూసి, “మాట్లాడొచ్చా సార్?” అంది. పుస్తకంలో క్రియ చివర రాయాలి, నిజమే. నోటి తెలుగుకు ఆ నిర్బంధం లేదు, అవసరమైనప్పుడు క్రియ ముందుకు దూకుతుంది. “కొట్టకుండ్రి ఈ మందు, రెండు నెల్ల దాక.” సైపర్‌మెత్రిన్ పేరు ఆ తర్వాత. ముఖ్యమైన హెచ్చరికలు నాలుగైదు ఉంటాయి మీటింగుకు, వాటికి మాత్రమే ఇలా. అన్ని వాక్యాలూ తిప్పితే తగాదా పెట్టుకున్నట్టు ఉంటుంది.

అంకెల సంగతి ఇక్కడే తేలింది. కిటికీ రికార్డింగులో ‘అరవై’, ‘ఇరవై’ ఒకటిగానే వినిపించాయి. తేడా ఉన్న మొదటి అచ్చు మైకు దగ్గరికి రాకముందే అయిపోతోంది. దానికి గొంతు వైద్యం అక్కర్లేదు. అరవై అన్నాక ‘అంటే రెండు నెలలు’ అని చేర్చడమే. వేళ్ళు కూడా చూపించమన్నాను.

అన్నిటికంటే కష్టమైంది ఆగడం. చివరి మాట అన్నాక మనసులో రెండు లెక్కపెట్టుకుని అప్పుడు కాగితం చూడాలి. హాల్లో మోత చల్లారడానికీ, మాట దిగడానికీ ఆ మాత్రం టైము కావాలి. ఆమెకు అది గండంలా ఉండేది. “ఆగితే మర్చిపోయిన అనుకుంటరు సార్, టెన్షన్ అయితది.” ఎన్ని చెప్పినా లాభం లేకపోయింది.

దారి వేరే చోట దొరికింది. వాళ్ళది ఒగ్గుకథలు చెప్పించుకునే ఊరు. ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్య పేరు తెలియని ఇల్లు ఆ జనగామ వైపు ఉండదు. చిన్నప్పుడు మల్లన్న కథ రాత్రంతా విన్నానని ఒకరోజు మాటల్లో చెప్పింది. మైకు లేకుండా అంతమందికి ఎలా వినపడేదమ్మా అని అడిగాను. “పక్కన ఉన్నాయన అందుకుంటడు గద సార్.” ప్రధాన కథకుడు మాట ముగించగానే పక్కవాద్యంవాడు ‘ఆఁ’ అంటాడు, లేదా ఆ ఆఖరి మాటే మళ్ళీ అంటాడు. కథకుడికి ఊపిరి దొరుకుతుంది, వెనకవాళ్ళకు వినపడనిది రెండోసారి చెవిన పడుతుంది, మధ్యలో ఖాళీ ఉందని ఎవరికీ అనిపించదు. బుర్రకథలో పక్కన నిలబడే వంతలు చేసేదీ ఇదే. గొంతు సైన్సు నేను కాలేజీలో చదివాను. వాక్యం తోకను కాపాడటం మాత్రం వీళ్ళకు తరతరాలుగా తెలుసు.

అప్పటినుంచి ముఖ్యమైన మాట అయ్యాక ఆమె ఆగి ఊరుకోదు, అడుగుతుంది. “రెండు నెల్ల దాక ఈ మందు ఏం జెయ్యాలె?” జనం అంటారు, “కొట్టొద్దు.” మొదటిసారి నలుగురే అన్నారట, రెండోసారికి హాలంతా అంది. ఆగడం అంటే భయం పోయింది, ఎందుకంటే అది ఇప్పుడు వాళ్ళ వంతు.

మైకు సంగతి ఒక్క ముక్కలో అయిపోతుంది. గడ్డానికి నాలుగు వేళ్ళ దూరం, కొంచెం పక్కకు, ‘ప’, ‘భ’ల ఊపిరి నేరుగా కొట్టకుండా. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి ఉంచాలి, తల వంచినా చెయ్యి జారదు. ముఖ్యమైన ఐదు నిమిషాలు ఫ్యాన్లు కట్టేయమని చెప్పింది కూడా ఆమే, నేను కాదు.

ఏం మారింది, ఏం మారలేదు

సెప్టెంబరు రెండో వారంలో మళ్ళీ కిటికీ రికార్డింగు తెప్పించి, మళ్ళీ మా ఆయాకే ఇరవై వాక్యాలు వినిపించాను. ఈసారి రెండే తప్పాయి. దీన్ని చూసి నా వైద్యం పనిచేసిందని రాసుకోవచ్చు గానీ, ఫ్యాన్లు ఆగిపోయాయి, వాక్యాలు పొట్టివయ్యాయి, మా ఆయాకి కూడా ఆ గొంతు అలవాటైంది. వీటిలో దేని వాటా ఎంతో నేను విడదీయలేను. విడదీయాలన్న ఓపిక కూడా ఆమెకు లేదు, చేలమీదికి పోవాలి కదా.

గొంతు బాగానే ఉంది. మీటింగుల సీజన్‌లో సాయంత్రానికి అలసిపోతుంది, స్ట్రా ఎక్సర్‌సైజు మానేస్తే మరీను. పై అధికారులు వచ్చి కూర్చుంటే లావు గొంతు వేషం మళ్ళీ వస్తుంది, దాంతో చివర కిర్రు కూడా. మండల స్థాయి సమావేశం రికార్డింగు ఒకటి పంపింది, నాలుగు వాక్యాలకే పాత మనిషి కనిపించింది. ఫోన్ చేస్తే, “వాళ్ళ ముందట నా గొంతుల మాట్లాడితే చిన్నపోరి లెక్క అనిపిస్తది సార్” అంది. దానికి నా దగ్గర స్ట్రా లేదు. ఇంకా పనిచేస్తున్నాం.

చివరగా పంపిన రికార్డింగు పత్తి కాయలను తినే గులాబీ రంగు పురుగు గురించి. లింగాకర్షక బుట్టలో, అంటే ఆడ పురుగు వాసనతో మగ పురుగులను రప్పించి పట్టే బుట్టలో, వరుసగా మూడు రాత్రులు, రాత్రికి ఎనిమిది చొప్పున రెక్కల పురుగులు పడితేనే మందు, అప్పటిదాకా వద్దు అన్నది ఆ రోజు విషయం. ఫోన్ కిటికీలోనే ఉంది. ఫ్యాన్లు ఆగిన చప్పుడు, ఎవరిదో దగ్గు, బయట ట్రాక్టరు. ఆమె అడిగింది, “ఎన్ని పడ్తె కొట్టాలె?” హాలంతా, “ఎనిమిది.” “ఎన్ని రాత్రులు?” “మూడు.” “అప్పటిదాక?” “కొట్టొద్దు.”

ఫోన్‌కి బాగా దగ్గర్నుంచి, అంటే ఆఖరి వరసలోంచి, ఒక ముసలి గొంతు లేచింది. “మరి ఏడు పడ్తె ఏంది మేడం?”

జనం నవ్వారు. ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే, తన గొంతులోనే అంది.

“ఏడు పడ్తె గూడ కొట్టకుండ్రి.”

ఆ ‘క’ కిటికీ దాకా వచ్చింది.